మరుగునపడిన సినిమాల ఉత్సవానికి వెళ్లే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

హైదరాబాదులో ఒక ఫిల్మ్ క్లబ్బు వారు జనం పట్టించుకోని పాత తెలుగు సినిమాలతో చిన్న ఉత్సవం జరుపుతున్నారని, మొదటిసారి వెళుతున్నానని రాశావు. చాలా సంతోషం కలిగింది. ఇటువంటి ప్రదర్శనల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగినవాడిని కనుక నాకు తోచింది చెబుతాను.

ముందుగా, ఆ సినిమాలను జాలితో చూడవద్దు. ఒక సినిమా ఆడకపోవడానికీ, అది బాగుండకపోవడానికీ చాలాసార్లు సంబంధమే ఉండదు. పంపిణీదారు దొరకకపోవచ్చు, దొరికినా ఉదయం ఆటలతో సరిపెట్టి వారానికే ఎత్తివేయవచ్చు, తగినన్ని ప్రింట్లు వేయించే స్తోమత నిర్మాతకు లేకపోవచ్చు. బి. నరసింగరావు గారి 'దాసి' 1988 నాటిది. ఉత్తమ తెలుగు చిత్రంతో పాటు నటి అర్చనకు, ఛాయాగ్రాహకుడు ఎ.కె. బీర్‌కు, కళా దర్శకుడు తోట వైకుంఠానికి, దుస్తుల రూపకల్పనకు కలిపి మొత్తం 5 జాతీయ పురస్కారాలు పొందింది. అయినా మన బంధువుల్లో ఎంతమంది చూశారో అడిగి చూడు.

అది వేస్తే తప్పక చూడు. అందులో మాటలు తక్కువ. కథ ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూడకుండా, గడీలో, అంటే తెలంగాణ దొర కోటలాంటి ఇంట్లో, ఎవరు ఎక్కడ నిలబడుతున్నారో, ఎవరు ఎవరి ముందు తల ఎత్తుతున్నారో గమనిస్తే దొరతనం ఎలా నడిచేదో నీకే అర్థమవుతుంది. మృణాల్ సేన్ 1977లో ప్రేమ్‌చంద్ 'కఫన్' కథ ఆధారంగా తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' ఉంటే, ఆ కథను మాత్రం ముందు చదివి వెళ్లు. మిగిలినవాటికి సమీక్షలేవీ చదవకపోవడమే మంచిది.

రోజుకు మూడింటికి మించి చూడకు. ఫిల్మ్ ప్రింటు వేస్తే గీతలు పడుతున్నాయని విసుక్కోకు; రీలు ముగిసే ముందు తెర పైన కుడి మూలన ఒక గుండ్రని మచ్చ మెరుస్తుంది, కొన్ని క్షణాలకు మరొకటి కనిపిస్తుంది. తరువాతి రీలు ఉన్న రెండో ప్రొజెక్టరుకు మారమని ఆపరేటరుకు అవి గుర్తులు.

ఒకే హాలు, ఒకే తెర ఉండడం లోటు కాదు. విమర్శకుడు రోజర్ ఈబర్ట్ 1999లో అమెరికాలోని షాంపేన్ పట్టణంలో, జనం ఆదరణకు నోచుకోని సినిమాల కోసం మొదలుపెట్టిన ఉత్సవం కూడా ఒకే థియేటరులో, పోటీలూ బహుమతులూ లేకుండా సాగింది; హాలులో అందరూ అదే సినిమా చూసి ఉంటారు కనుక తరువాతి చర్చ గట్టిగా ఉంటుంది. అందువల్ల ఆట అయిపోగానే లేచి రావద్దు. దర్శకుడో, సాంకేతిక నిపుణుడో వేదిక ఎక్కితే పొగడ్తలకు సమయం పోనివ్వకుండా, సినిమా విడుదల ఎక్కడ ఆగిపోయిందో, ఎన్ని కేంద్రాల్లో విడుదలయిందో నేరుగా అడుగు. పెద్దవారు దాచిపెట్టరు, అడిగినవారు లేకనే చెప్పలేదు.

ఆ ప్రింటు ఎక్కడినుంచి తెచ్చారో నిర్వాహకులను అడగడం మరచిపోకు. ఎవరి ఇంటి అటక మీదో మిగిలిన ఏకైక ప్రతి అని తేలితే, దాన్ని పుణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవుకు చేర్చే మాట వారితో ఎత్తు. అవసరమైతే ఆర్కైవుకు ఉత్తరం నేనే రాసి పెడతాను.

మీ మావయ్య