కాగితాలు అడగాలంటే పొద్దునే అడగండి

ఇంట్లో ఒక్క రోజు పనికి అడ్డా మీది మనుషులను తెచ్చుకుంటే వాళ్ల ఇమిగ్రేషన్ కాగితాలు అడగాలా, వద్దా అన్నది మీ ప్రశ్న. నేను డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాను. ఇన్నేళ్లలో ఒకే ఒక్కసారి అడిగాను. అదీ సగం పని అయ్యాక, సరిగ్గా అన్నం వేళకు.

2019 వసంతంలో ఈదురుగాలికి మా పెరటి కంచె 40 అడుగుల మేర పడిపోయింది. పొద్దున ఆరున్నరకు హార్డ్‌వేర్ దుకాణం పార్కింగ్‌కు వెళ్లి ఇద్దరిని తెచ్చుకున్నాను. పెద్దాయనకు 60 దగ్గర ఉంటాయి, రెండోవాడు ఆయన మేనల్లుడు. మనిషికి 150 డాలర్లు, భోజనం నాది అని వేళ్ల లెక్కతోనే బేరం కుదిరింది.

డాలస్ నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది, పాతిన రాటలను పైకి తోస్తుంది. పెద్దాయన పడిపోయిన రాటను పెకలించి దాని మొదలు నాకు చూపించాడు. కాంక్రీటు ముద్ద పైన లావుగా, కింద సన్నగా గరాటులా ఉంది. అలా ఉంటే ఉబ్బిన మట్టి దాన్ని సులువుగా లేపేస్తుందని చేతులతో చెప్పి, కొత్త గుంతను అడుగున కుండ కడుపులా వెడల్పు చేసి తవ్వాడు. ఇంటి తనిఖీకి వందల డాలర్లు తీసుకున్న మనిషి కూడా నాకు ఈ ముక్క చెప్పలేదు.

మధ్యాహ్నం ఒక మిత్రుడు ఫోను చేశాడు. "నువ్వున్నది హెచ్‌1బీ మీద. కాగితాలు లేని వాళ్లతో పని చేయించుకుంటే రేపు నీ గ్రీన్‌కార్డు గతేమిటి?" అని భయపెట్టాడు. ఫోను పెట్టేసి పెరట్లోకి వెళ్లి "పాపెలెస్?" అని అడిగేశాను. వాళ్ల భాషలో కాగితాలు అని. పెద్దాయన జవాబు చెప్పలేదు. చేతి తొడుగులు విప్పి జేబులో పెట్టుకున్నాడు. పారకు అంటిన మట్టిని పుల్లతో గీకి శుభ్రం చేశాడు. మేనల్లుడు సామాను సర్దాడు. అయిదారు గంటలు చెమటోడ్చిన ఇద్దరు మనుషులు ఒక్క డాలరు అడగకుండా గేటు వైపు నడిచారు.

అమ్మ అప్పుడు మా దగ్గరే ఉంది. మాది పాలమూరు. పెళ్లయిన కొత్తలో గుంపు మేస్త్రీ దగ్గర బయానా తీసుకుని, నాన్నతో కలిసి ఆనకట్టల పనులకు రాష్ట్రాలు దాటి వెళ్లిన మనిషి ఆమె. అన్నం పళ్లేలతో బయటికి వస్తూ చూసి, "వాళ్లను ఏమన్నావు కొడుకా?" అంది. చెప్పాను.

"పొద్దున తెచ్చుకునేటప్పుడు అడిగావా?"

లేదన్నాను.

"మా మేస్త్రీ కూడా అంతే. పనిలో దించేటప్పుడు ఏమీ అడగడు. కూలి లెక్క చూసే రోజున మాత్రం అన్ని కాగితాలూ గుర్తొస్తాయి."

పళ్లేలు నా చేతిలో పెట్టి వాళ్ల వెనకే వెళ్లింది. అమ్మకు స్పానిష్ ఒక్క ముక్క రాదు. పెద్దాయన మోచెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చింది. పప్పన్నం, ఆవకాయ తిన్నారు. చీకటి పడేలోపు కంచె నిలబడింది.

అప్పటి నుంచి నాది ఒకటే మాట. పొద్దున లేని కాగితాల ప్రశ్న సాయంత్రం పుట్టిందంటే అది కూలి ఎగ్గొట్టడానికే. 2006లో అమెరికా అంతటా రోజుకూలీల మీద ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. అంతకు ముందు రెండు నెలల్లో దాదాపు సగం మందికి కనీసం ఒకసారి చేసిన పనికి డబ్బు అందలేదని అందులో తేలింది. వాళ్లను పనికి పిలిచేవారిలోనూ దాదాపు సగం మంది మనలాంటి ఇళ్లవాళ్లే.

చట్టం సంగతీ చెబుతాను. 1986 చట్టం ప్రకారం వ్యాపారం చేసేవారు ఉద్యోగిని పెట్టుకుంటే ఐ-9 ఫారం, అంటే అతనికి ఇక్కడ పనిచేసే అనుమతి ఉందని కాగితాలు చూసి రాసే ఫారం, నింపాలి. మూడు రోజులు కూడా లేని పనైతే మొదటి రోజే నింపాలి. అప్పుడు కూడా చట్టం ఒప్పుకునే కాగితాల జాబితాలోంచి ఏ కాగితం చూపాలో పనివాడి ఇష్టం. గ్రీన్‌కార్డే తెమ్మనే హక్కు యజమానికి లేదు. సొంత పనిముట్లతో వచ్చి గుత్తకు చేసిపోయేవాడికి ఐ-9 అక్కర్లేదు. కానీ పనిచేసే అనుమతి లేదని తెలిసీ పని చేయించుకోవడం తప్పే. కాబట్టి మీకు ఆ భయం ఉంటే కారు ఎక్కించుకోకముందే తేల్చుకోండి. పని జరిగాక మాత్రం కూలి ఇచ్చి తీరాలి. 1938 నాటి కనీస వేతన చట్టాన్ని అమలు చేసేటప్పుడు పనివాడి ఇమిగ్రేషన్ స్థితిని చూడరు.

మనవాళ్ల మీద నాకు కోపం ఇక్కడే. హోటల్లో బిల్లు మీద 20 శాతం టిప్పు మారు మాట్లాడకుండా ఇస్తారు. రోజంతా ఎండలో గుంతలు తవ్విన మనిషి దగ్గర 10 డాలర్లకు గీచి గీచి బేరమాడతారు. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి వరుసలో నిలబడి, వీసా స్టాంపింగ్ అంటే నిద్ర పట్టని మనం ఇంకొకరిని కాగితాలతో బెదిరించడం నాకు మింగుడుపడదు. 2025 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో హోమ్ డిపో అనే హార్డ్‌వేర్ దుకాణం ముందు నిలబడ్డవాళ్లను అధికారులు పట్టుకెళ్లాక మా దగ్గర అడ్డా కూడా పలచబడింది. ఇప్పుడు వస్తున్నవాళ్లు ఎంత గతిలేక వస్తున్నారో ఆలోచించండి.

నేను చేసేది చెబుతాను. కూలి ఎంతో, ఎన్ని గంటలో అట్టముక్క మీద రాసి ఇద్దరం చూసుకుంటాం. 20 డాలర్ల నోట్లు ముందు రోజే తెచ్చి పెట్టుకుంటాను. చెక్కు ఇవ్వకండి. బ్యాంకు ఖాతా లేని మనిషి దాన్ని మార్చుకోవడానికి ఆ రోజు కూలిలోంచే మళ్లీ రుసుము కట్టాలి.