సమాధానం: నెలవారీ కోడ్ గోల్ఫ్ పోటీలో ఎప్పుడూ అవే భాషలు గెలుస్తుంటే

ప్రతి నెలా మీరు జరిపే కోడ్ గోల్ఫ్ (సమస్యను వీలైనంత పొట్టి ప్రోగ్రాముతో సాధించే ఆట) పోటీలో జెల్లీ, గోల్ఫ్‌స్క్రిప్ట్ వాడేవారే గెలుస్తున్నారనీ, పైథాన్ రాసే విద్యార్థులు క్రమంగా తప్పుకుంటున్నారనీ రాశారు. గోల్ఫ్ కోసమే పుట్టిన భాషలతో పైథాన్‌ను పోల్చడం న్యాయం కాదు కాబట్టి, భాషవారీగా విడి పట్టికలు పెట్టండి.

అంతకన్నా ముఖ్యమైనది కొలత. అక్షరాలను కాకుండా యూటీఎఫ్-8 (అక్షరాలను కంప్యూటరులో బైట్లుగా భద్రపరిచే పద్ధతి) బైట్లను లెక్కించండి. అక్షరాలనే లెక్కిస్తే, పైథాన్‌లో రెండేసి ఆస్కీ (మామూలు ఇంగ్లీషు) అక్షరాలను ఒక్కో యూనికోడ్ అక్షరంగా మూటగట్టి, యూటీఎఫ్-16 (ఇలాంటిదే మరో పద్ధతి) ద్వారా విప్పి, పాఠ్యాన్ని కోడ్‌గా నడిపే ఎగ్జెక్‌కు అందించే చిట్కాతో పొడవైన ప్రోగ్రాము కూడా దాదాపు సగానికి కుదించుకుపోతుంది. అందులో సమస్యను సాధించిన నేర్పు ఏమీ ఉండదు. యూటీఎఫ్-8లో అలాంటి అక్షరం ఒక్కొక్కటి 3 బైట్లు (మన ‘అ’ కూడా అంతే) కనుక, బైట్ల లెక్కలో ఆ లాభం నష్టంగా మారుతుంది. జెల్లీకి ఒక్కో గుర్తు ఒక్కో బైటయ్యే 256 గుర్తుల సొంత కోడ్‌పేజీ ఉంది కాబట్టి దానిని అందులోనే కొలుస్తామని నియమాల్లో ముందే చెప్పండి. చాలా ఎడిటర్లు ఫైలు చివర తామే చేర్చే కొత్త లైనును లెక్కించాలో వద్దో కూడా అక్కడే తేల్చండి, ఎందుకంటే ఒక్క బైటుతో స్థానాలు తారుమారయ్యే ఆట ఇది.

జవాబులను ప్రోగ్రాములోనే పొదిగేవారిని ఆపడానికి, ప్రతి పరీక్షకూ ఇన్‌పుట్లను యాదృచ్ఛికంగా తయారు చేయించండి. పైథాన్ వెర్షన్‌ను సైతం ప్రకటించండి. ఉదాహరణకు వాల్రస్ ఆపరేటర్ (విలువను ఒక పేరుకు ఇస్తూనే అక్కడే వాడుకోనిచ్చే := గుర్తు) 3.8 నుంచే పనిచేస్తుంది. గడువు ముగిసిన రోజే అందరి ప్రోగ్రాములనూ బయటపెడితే, కొత్తవారు వాటిని చదివి వచ్చే నెలకు సిద్ధమవుతారు.