జాకెట్టు కొలతల నుంచి ఫోన్ తెర దాకా

ప్రశ్న: ఫ్యాషన్ డిజైన్ చదివి ఆరేళ్లుగా బొటిక్‌లో చేస్తున్నాను. యూఎక్స్ డిజైన్‌లోకి మారాలనుంది. కోడింగ్ రాదు. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: కోడింగ్ రాకపోయినా ఫరవాలేదండీ. యూఎక్స్ డిజైన్ అంటే యాప్‌లు, వెబ్‌సైట్లు వాడేవాళ్లకు సులువుగా ఉండేలా తీర్చిదిద్దడం. ట్రయల్ వేయించి, చంక దగ్గర పట్టేస్తే విప్పి మళ్లీ కుడతారు కదా, ఇక్కడా అలాగే వాడేవాళ్లకిచ్చి, ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో చూస్తారు. దాన్నే యూజబిలిటీ టెస్ట్ అంటారు.

పేరున్న యాప్‌లకు కొత్త రంగులు వేయడంతో మొదలుపెట్టకండి. అది అందరూ చేసేదే. ఫోన్‌లో జాకెట్టు ఆర్డరిచ్చే ఫారం తీసుకోండి. ఐదుగురు ఖాతాదారులను అడగండి. "యాప్ ఉంటే వాడతారా?" అంటే మొహమాటానికి ఊ అంటారు. "పోయినసారి కొలతలు ఎలా పంపారు? ఎక్కడ ఇబ్బందైంది?" అనాలి. కాగితం మీద గీసి, తర్వాత ఫిగ్మాలో (యాప్ తెరల నమూనాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) కట్టండి. ఉచిత ప్లాన్ చాలు.

ఆ నమూనాను ఖాతాదారుల చేతికిచ్చి, పరీక్షకు పని ఒకటి ఇవ్వండి: "చేతి పొడవు 10 అంగుళాలు, శుక్రవారానికి కావాలి, ఆర్డర్ పెట్టండి." ఆపై నోరు మెదపకండి. సాయం చేస్తే తప్పు దొరకదు. 'ఛాతీ' గడిలో ఒకరు 36 కొడతారు, ఇంకొకరు సెంటీమీటర్లలో 91. గడి పక్కనే 'అంగుళాలు' అని లేకపోవడమే కారణం. సరిచేసి, మరో ఐదుగురితో చూడండి.

ఫ్యాషన్ నుంచి వచ్చినవాళ్లు లేతగులాబీ మీద బూడిదరంగు అక్షరాలు పెట్టేస్తుంటారు. ఎండలో కనబడవు. మామూలు అక్షరాలకు కాంట్రాస్ట్ (అక్షరాల రంగుకూ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా) కనీసం 4.5:1 ఉండాలి. ఆండ్రాయిడ్‌లో బటన్ 48 డీపీకి (తెర మీద సైజు చెప్పే కొలత) తగ్గకూడదు.

పోర్ట్‌ఫోలియోకి (ఉద్యోగమిచ్చేవాళ్లకు చూపే మీ పనుల సంకలనం) రెండు మూడు ప్రాజెక్టులు చాలు. ఆఖరి తెరలు మాత్రమే కాదు, పరీక్షలో చెడిన మొదటి ఫారం కూడా పెట్టండి.