వెర్నీ జంక్షన్ చరిత్ర రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ముసాయిదా చదివాను. మొదటి పేజీ నిండా పొగమంచు, ఇంజను కూత, ఖాళీ బెంచీ. అవన్నీ తీసెయ్యి. ఇంగ్లండ్‌లోని బకింగ్‌హాంషైర్ పొలాల్లో, చుట్టూ చెప్పుకోదగ్గ ఊరంటూ లేని చోట, నాలుగు దిక్కుల నుంచి బండ్లు వచ్చి కలిసే స్టేషన్ ఎందుకు పుట్టింది? పాఠకుడు ముందుగా అడిగేది ఇదే. దీనికి జవాబు చెప్పాక నీ పొగమంచుకు చోటు దొరికితే చూద్దాం.

జంక్షన్ వేరు, స్టేషన్ వేరు. రెండింటినీ ఒకే తేదీకి కట్టెయ్యడం నీ ముసాయిదాలో పెద్ద లోపం. బ్లెచ్లీ నుంచి బాన్‌బరీకి లైను 1850 మే 1న తెరిచారు. దాన్నుంచి ఇక్కడే చీలిన కొమ్మ 1851లో ఆక్స్‌ఫర్డ్ చేరింది. అంటే పట్టాలు చీలినా పద్దెనిమిదేళ్లు ఇక్కడ స్టేషన్ లేదు. ఎయిల్స్‌బరీ నుంచి కొత్త లైను వచ్చి కలిసిన 1868 సెప్టెంబరు 23న గానీ అది పుట్టలేదు.

ఆ కొత్త లైను వెనక ఇద్దరు భూస్వాములున్నారు. ఎయిల్స్‌బరీ అండ్ బకింగ్‌హాం రైల్వేకి పార్లమెంటు చట్టం 1860 ఆగస్టు 6న వచ్చింది. ఛైర్మన్ అప్పటికి మార్క్విస్ ఆఫ్ చాండోస్, మరుసటి ఏడాది నుంచి మూడో డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం. డిప్యూటీ ఛైర్మన్ క్లేడన్ హౌస్ యజమాని సర్ హ్యారీ వెర్నీ. పేరు పెట్టడానికి దగ్గర్లో ఊరు లేదు కాబట్టి స్టేషన్‌కి ఆయన ఇంటిపేరే పెట్టారు. తమ లైనులో బండ్లు నడుపుతుందని వాళ్లు నమ్ముకున్న లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే కంపెనీ ఆసక్తి వదులుకుంది. చివరికి ఆ పని గ్రేట్ వెస్టర్న్ చేసింది. ఈ మలుపును నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. ఇక్కడ ఆగి రాయి. ఎవరి బండి కోసం లైను వేశారు, ఎవరి బండి వచ్చింది అన్నదే ఈ స్టేషన్ కథకు ప్రాణం.

తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక నిజమైన బంధుత్వం ఉంది. ఆ డ్యూకే 1875 నుంచి 1880 దాకా మద్రాసు గవర్నరు. ధాత కరువు ఆయన హయాంలోనే వచ్చింది. కరువు పనుల కింద మద్రాసులో తవ్విన భాగంతో కాలువ కలిశాక, పెదగంజాం నుంచి నెల్లూరు తీరం మీదుగా సాగే ఆ జలమార్గానికి ఆయన పేరే పెట్టారు. అదే మన బకింగ్‌హాం కాలువ. దీనికి ఒక పేరా ఇవ్వు, చాలు. రెండో పేరా మొదలుపెట్టావంటే కథ స్టేషన్ వదిలి కాలువ గట్టెక్కుతుంది.

1891 జులై 1న మెట్రోపాలిటన్ రైల్వే ఈ లైనును కొనుక్కుంది. లండన్ నేల కింద తిరిగే బండ్ల కంపెనీకి 50 మైళ్లకు పైగా దూరంలోని పొలాలతో ఏం పని? దాని ఛైర్మన్ సర్ ఎడ్వర్డ్ వాట్కిన్‌కి మాంచెస్టర్ వైపు రైల్వే, అంటే తర్వాతి గ్రేట్ సెంట్రల్, కూడా చేతిలో ఉంది. లండన్ గుండా సాగే దూర మార్గం మీద ఆయన ఆశ. అందుకే 1890ల్లో ఇక్కడిదాకా డబుల్ లైను వేశారు. తీరా 1899లో గ్రేట్ సెంట్రల్ ప్రధాన మార్గం వెర్నీకీ ఎయిల్స్‌బరీకీ మధ్యనున్న క్వెయిన్‌టన్ రోడ్ స్టేషన్ దగ్గరే వచ్చి కలిసింది. దూరపు బండ్లు అటే పోయాయి, ఇవతలి ముక్క కొమ్మ లైనుగా మిగిలింది. వెర్నీ క్షీణతకు మూలం అక్కడుంది. 1910లో వచ్చిన పుల్‌మన్ విలాస పెట్టెలు మేఫ్లవర్, గలాటియా గురించి రాయొద్దనను. కానీ వాటికి నాలుగు పేరాలిచ్చి క్వెయిన్‌టన్ రోడ్‌కి ఒక్క వాక్యం ఇవ్వడం అన్యాయం.

ఇక అంకెల సంగతి. రైల్వే పత్రాల్లో 50.40 అని కనిపిస్తే అది దశాంశం కాదు. 50 మైళ్ల 40 చైన్లు. మైలుకి 80 చైన్లు, కాబట్టి యాభైన్నర మైళ్లు. అప్ అంటే మామూలుగా లండన్ వైపు, డౌన్ అంటే దానికి ఎదురు. అలా రాసేటప్పుడు ఏ కంపెనీదో చెప్పు. ఇక్కడి నుంచి బ్లెచ్లీ మీదుగా యూస్టన్‌కీ, ఎయిల్స్‌బరీ మీదుగా బేకర్ స్ట్రీట్‌కీ వెళ్లొచ్చు. రెండూ లండన్ దారులే.

ప్లాట్‌ఫారాలు, సైడింగులు జ్ఞాపకాల మీద ఆధారపడి రాయకు. బ్రిటన్ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల మైలుకి 25 అంగుళాల పటాలు స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం ఉచితంగా చూపిస్తుంది. అంచున సర్వే చేసిన ఏడాది, అచ్చువేసిన ఏడాది విడిగా ఉంటాయి. మనకు కావలసింది మొదటిది. రెండు కాలాల పటాలు పక్కపక్కన పెట్టి, ఏ పట్టా కొత్తగా వచ్చిందో, ఏది పోయిందో పెన్సిల్‌తో గుర్తించు. ప్రయాణికుల లైను తెరిచేముందు బోర్డ్ ఆఫ్ ట్రేడ్ అధికారి తనిఖీ చేసి నివేదిక రాసేవాడు. అవి లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎం.టి. 6 వరుసలో వెతకాలి. కంపెనీల పత్రాలు రైల్ అనే వరుసలో ఉంటాయి. టైంటేబుల్‌లో బండి ఉన్నంత మాత్రాన రోజూ నడిచిందనుకోకు. పక్కన గుర్తు ఉంటే అట్టడుగు వివరణ చదువు. అది శనివారం మాత్రమే నడిచే బండి కావచ్చు.

మూత తేదీల్లో ఆఖరి బండి నడిచిన రోజునూ, మూత అమలైన రోజునూ నువ్వు కలిపేశావు. మెట్రోపాలిటన్ వైపు ప్రయాణికుల సేవ 1936 జులై 6 నుంచి లేదు. బాన్‌బరీ-బకింగ్‌హాం 1961 జనవరి 2 నుంచి, బకింగ్‌హాం వైపు మిగిలింది 1964 సెప్టెంబరు 7 నుంచి, స్టేషన్ 1968 జనవరి 1 నుంచి మూత. కేలండర్ తీసి చూడు, నాలుగూ సోమవారాలే. ప్రకటనల్లో కనిపించేది మూత అమల్లోకి వచ్చిన రోజు. 1936లో ఆఖరి బండి నడిచింది శనివారం, జులై 4న. నుంచి అన్న మాట జారిపోతే తేదీ తప్పుతుంది.

పాపమంతా బీచింగ్ నెత్తిన రుద్దొద్దు. బ్రిటిష్ రైల్వేల ఛైర్మన్‌గా నష్టాల లైన్లు మూయమన్న ఆయన నివేదిక వచ్చింది 1963లో. 1936 నిర్ణయం మెట్రోపాలిటన్‌ను తనలో కలుపుకున్న లండన్ ప్యాసింజర్ ట్రాన్స్‌పోర్ట్ బోర్డుది. బాన్‌బరీ లైను నివేదికకు ముందే పోయింది. వెర్నీ మీదుగా పోయే ఆక్స్‌ఫర్డ్-కేంబ్రిడ్జ్ మార్గం ఆ నివేదిక మూత జాబితాలో లేనేలేదు, అయినా దాన్ని మూశారు. ఎందుకు మూశారో విడిగా ఒక అధ్యాయం రాయి. పుస్తకంలో బరువైన అధ్యాయం అదే అవుతుంది.

ఈస్ట్ వెస్ట్ రైల్ కోసం బైసెస్టర్, బ్లెచ్లీల మధ్య పట్టాలు మళ్లీ వేశారు. విన్‌స్లోలో కొత్త స్టేషన్ కట్టారు, వెర్నీకి మాత్రం ఇవ్వలేదు. ఈ ఒక్క పేరా అచ్చుకు పంపే వారంలో మరోసారి సరిచూసి రాయి. మిగతా అధ్యాయాలు ఒక్కొక్కటే పంపు, పటాల నకళ్లు జతచేసి.