సినిమా దర్శకుడు కె.వి. రెడ్డి జీవితం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన రెండు అధ్యాయాలూ చదివాను. మొదటి పేజీలో ‘వెండితెర మాంత్రికుడు’ అన్నావు, రెండో పేజీలో ‘తెరబ్రహ్మ’ అన్నావు. మూడో పేజీకి నీ దగ్గర పొగడ్తలు నిండుకున్నాయి, ఆయన పని మాత్రం ఇంకా మొదలే కాలేదు. ఆ బిరుదులన్నీ కొట్టెయ్. పాతాళభైరవి చూసినవాడికి అవి అక్కర్లేదు, చూడనివాడికి వాటివల్ల ఏమీ తెలియదు.

బాల్యం మీద ఆరు పేజీలు రాశావు. అందులో సగం వాక్యాలు ‘ఉండి ఉంటుంది’తో ముగిశాయి. 1912 జులై 1న తాడిపత్రి ప్రాంతంలో పుట్టారు, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్సు చదివారు. దీనికి ఒక పేరా చాలు. నువ్వు నిలబడాల్సిన చోటు వాహిని సినిమా సంస్థ. ఆయన అక్కడికి దర్శకుడిగా రాలేదు, డబ్బు లెక్కలు చూసే మనిషిగా వచ్చారు. బి.ఎన్. రెడ్డి తీసిన వందేమాతరం (1939), సుమంగళి (1940), దేవత (1941) తయారవుతుంటే రూపాయి ఎక్కడ ఖర్చవుతోందో, ఎక్కడ వృథా అవుతోందో గల్లాపెట్టె పక్కన కూర్చుని చూశారు. ఆ తర్వాతే 1943లో భక్త పోతన. ఆ సంవత్సరాన్ని కూడా ఊరికే వదిలెయ్యకు. యుద్ధం వల్ల ముడిఫిల్ముకు కరువొచ్చి, సరఫరా మొత్తం సర్కారు లైసెన్సు కిందికి పోయింది. కథాచిత్రానికి 11,000 అడుగులు మించకూడదని హద్దు పెట్టారు. అడుగు ఫిల్ము బంగారమైన రోజుల్లో దర్శకత్వం మొదలుపెట్టిన మాజీ క్యాషియరు. నీ పుస్తకానికి ఇదే వెన్నెముక కావాలి.

ఇంటిపేర్ల సంగతి ఒకటి చెప్పి ముందుకెళ్తాను. బి.ఎన్. రెడ్డి, విజయా సంస్థ నిర్మాత బి. నాగిరెడ్డి అన్నదమ్ములు. కె.వి. వాళ్ళ తోబుట్టువు కాదు. ఇంకో దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి వేరే మనిషి. నీ రెండో అధ్యాయంలో ఒకచోట ‘రెడ్డిగారు’ అని మాత్రమే రాసి వదిలేశావు. ఎవరో నాకే అర్థం కాలేదు. ప్రతిచోటా పొడి అక్షరాలు ఉండాల్సిందే.

ఇక లెక్కల్లోకి దిగుదాం. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేములు పోతాయి కనుక నిమిషానికి 90 అడుగులు. వెయ్యడుగుల రీలు పదకొండు నిమిషాల పైచిలుకు. యుద్ధకాలపు 11,000 అడుగులంటే రెండు గంటల రెండు నిమిషాలు. మాయాబజార్ 184 నిమిషాలు, అంటే దాదాపు 16,560 అడుగులు. ఈ లెక్క నీకు నోటికి రావాలి, ఎందుకంటే ఆయనకు వచ్చు. స్క్రిప్టు పూర్తయ్యాక సన్నివేశాలు చదివించి, స్టాప్‌వాచ్ పెట్టి, ఏది ఎంతసేపు నడుస్తుందో షూటింగుకు ముందే తేల్చుకునేవారని ఆయన దగ్గర పనిచేసినవాళ్ళు చెప్పారు. మిగతావాళ్ళు ఎడిటింగు గదిలో కోసి పారేసేది ఆయన కాగితం మీదే కోసేసేవారన్నమాట.

దీన్ని పాఠకుడికి ఎలా చూపిస్తావు? ‘ఆయన క్రమశిక్షణ గల దర్శకుడు’ అని రాస్తే చచ్చిన వాక్యం. నువ్వే స్టాప్‌వాచ్ పట్టుకో. ఒక నోటుపుస్తకంలో ఆరు గళ్ళు గియ్యి: సీను నంబరు, మొదలైన సమయం, నిడివి, తెర మీద ఎవరెవరు, ఆ సీనులో ఎవరికి కొత్తగా ఏం తెలిసింది, మనకు మాత్రమే తెలిసి పాత్రకు తెలియనిదేమిటి. మాయాబజార్‌కి ఆఖరి గడి చాలా ముఖ్యం. మాయా శశిరేఖ వచ్చాక నవ్వంతా ఆ గడిలోంచే పుడుతుంది. సావిత్రి ఒంట్లో ఘటోత్కచుడున్నాడని మనకు తెలుసు, కౌరవులకు తెలియదు. పాండవుల కథలో ఒక్క పాండవుడూ తెర మీదికి రాడని ఎవరో చెబితే వినడం వేరు, ‘ఎవరెవరు’ గడి నింపుతూ పోయి చివర్లో నువ్వే కనిపెట్టడం వేరు.

ఒక్కో సినిమాకి మూడుసార్లు కూర్చోవాలి. మొదటిసారి ఆపకుండా చూడు, రెండోసారి ఆపుతూ రాసుకో, మూడోసారి శబ్దం తీసేసి చూడు. శబ్దం తీసేస్తేనే కెమెరామన్ మార్కస్ బార్‌ట్లీ వెలుగు ఎక్కడినుంచి పోశాడో, కళాదర్శకులు గోఖలే, కళాధర్ సెట్టును ఎంత లోతుగా వేశారో కంటికి ఆనుతుంది. పాట వినిపిస్తుంటే మనం ఘంటసాల వెంట పోతాం, కెమెరాను మరిచిపోతాం.

నీ పట్టిక తప్పే చోట్లు రెండున్నాయి. మొదటిది రంగుల మాయాబజార్. 2010లో వచ్చిన ఆ ప్రతి 165 నిమిషాలే, అంటే 19 నిమిషాలు తక్కువ. దాన్ని పెట్టుకుని కె.వి. నడక గురించి తీర్పులిస్తే, ఇంకెవరో వేసిన కత్తెర ఆయన ఖాతాలో రాసినట్టే. రెండోది కంటికి కనపడదు. పాత టీవీ పద్ధతిలో డిస్కులకు ఎక్కించినప్పుడు సెకనుకు 24 బదులు 25 ఫ్రేములు నడుపుతారు. ఒక్క సీనూ పోకుండానే 184 నిమిషాలు 177 కిందికి దిగుతాయి, పాటల శ్రుతి కూడా కాస్త పెరుగుతుంది. నీ లెక్కలో నూటికి నాలుగు వంతులు తగ్గితే ‘కోసేశారు’ అని గోల పెట్టకముందు ఇది సరిచూసుకో.

పాటల పుస్తకాలు దొరికితే వదలకు. హాలు దగ్గర అమ్మిన ఆ పల్చటి పుస్తకాల్లో కథా సంగ్రహం, తారాగణం, సాంకేతికుల పేర్లు ఉంటాయి. అయితే అవి విడుదలకు ముందే అచ్చవుతాయి. చివరి నిమిషంలో తీసేసిన పాట పుస్తకంలో మిగిలిపోవచ్చు. కాబట్టి పుస్తకాన్ని తెరతో పోల్చు, తెరను పుస్తకంతో దిద్దకు.

ఇప్పుడు నీ మూడో అధ్యాయానికి పెట్టుకున్న టెన్నిసు బ్యాటు ముచ్చట. ఎన్.టి. రామారావు ఆటలో కోపమొచ్చి బ్యాటు విసిరేశారనీ, అది చూసి కె.వి. తన పాతాళభైరవి నాయకుడు తోటరాముడు దొరికాడనుకున్నారనీ అందరూ చెప్పుకునేదే. కథ బాగుంది. అందుకే జాగ్రత్త. ఇలాంటి ముచ్చట ఎదురైనప్పుడల్లా పక్కన మూడు సంగతులు రాసుకో: చెప్పినవాళ్ళెవరు, ఎప్పుడు చెప్పారు, ఆ రోజు అక్కడున్నారా. రచయిత డి.వి. నరసరాజు కె.వి.తో కలిసింది పెద్దమనుషులు (1954) దగ్గర. సింగీతం శ్రీనివాసరావు సహాయకుడిగా పనిచేసింది మాయాబజార్ రోజుల్లో. ఇద్దరూ ఎంత నమ్మదగినవాళ్ళయినా, 1951 పాతాళభైరవి సంగతులు వాళ్ళు చెబితే అది విన్నమాటే, కన్నమాట కాదు. మాయాబజార్ సంగతి సింగీతం చెబితే దాని బరువు వేరు. ముచ్చట్లను పారెయ్యమనడం లేదు. ‘అని చెప్పుకుంటారు’ అన్న చిన్నమాట చేర్చి వాడుకో. ఆ మాట చేర్చడానికి బద్ధకించే పుస్తకాలు మన భాషలో మరీ ఎక్కువ.

పేర్లు పంచడంలో పిసినారితనం వద్దు. మొదటి సినిమాల కథా చర్చల్లో కమలాకర కామేశ్వరరావు ఉన్నారు. భక్త పోతన, యోగివేమన మాటలు సముద్రాల రాఘవాచార్యవి. గుణసుందరికథ నుంచి పింగళి నాగేంద్రరావు. మాయాబజార్‌లో నాలుగు బాణీలు కట్టి సాలూరు రాజేశ్వరరావు తప్పుకుంటే మిగతాది ఘంటసాల పూర్తిచేశారు. ఇవన్నీ చెబితే కె.వి. చిన్నబోతాడని నీ భయం. ఇంతమందిని ఒకే కొలత మీద నడిపించడం ఎంత పనో అప్పుడే కదా తెలిసేది.

‘గుణసుందరికథకు షేక్‌స్పియర్ లియర్ రాజు ఆధారం’ అని ఒక వాక్యం రాసి దాటిపోయావు. అక్కడ తవ్వాలి. అటువైపు చిన్నకూతురు చచ్చిపోతుంది, రాజూ పోతాడు. ఇటువైపు చిన్నకూతురికి కురూపి మొగుణ్ణి కట్టబెట్టి, అతనికి శాపం తగిలించి, మహేంద్రమణి కోసం అల్లుళ్ళను పరుగెత్తించి, కథను మన అమ్మమ్మల కథల దారిలోకి మళ్ళించి సుఖాంతం చేశారు. ఏది ఉంచుకున్నారు, ఏది వదిలేశారు, వదిలేసిన చోట ఏం నాటారు అని మూడు గళ్ళ పట్టిక వెయ్యి. పెద్దమనుషులుకీ, దానికి ఆధారమైన నార్వే రచయిత ఇబ్సెన్ నాటకానికీ ఇదే పని చెయ్యి. అది ఊరి మునిసిపాలిటీ కథగా మారిన తీరు ఇంకా పదునుగా ఉంటుంది. దొంగరాముడు (1955) దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. 1951లో పెట్టిన అన్నపూర్ణ సంస్థ తొలి చిత్రం కె.వి.తోనే కావాలని నాలుగేళ్ళు ఆగిందన్న ఒక్క సంగతి ఆయన విలువ చెబుతుంది.

ఇక నువ్వు పూర్తిగా తప్పించుకున్న భాగం. నీ విషయసూచిక జగదేకవీరుని కథ (1961), శ్రీకృష్ణార్జున యుద్ధం (1963) దాకా వచ్చి, తర్వాత ‘చివరి రోజులు’ అని ఒకే అధ్యాయంగా ముడుచుకుపోయింది. ఆ మధ్యలో సత్య హరిశ్చంద్ర (1965), ఉమా చండీ గౌరీ శంకరుల కథ (1968), భాగ్యచక్రం (1968) ఉన్నాయి. ‘కాలం మారింది, జనం అభిరుచి మారింది’ అని రాయబోతున్నావని నీ చిత్తుప్రతి అంచున రాసుకున్న మాటలే చెబుతున్నాయి. అది కారణం కాదు, కారణం వెతకని బద్ధకం.

హరిశ్చంద్రనే తీసుకో. అందరికీ తెలిసిన పాత కథ కనుక ఆడలేదంటావా? అదే ఏడాది, అదే విజయా సంస్థ కన్నడంలో అదే కథ తీసింది. నిర్మాత కె.వి. రెడ్డే, దర్శకుడు హుణసూరు కృష్ణమూర్తి, నాయకుడు రాజ్‌కుమార్. అది బ్రహ్మాండంగా ఆడింది. పాత కథ, పాత నలుపు తెలుపు, పాత సంస్థ. ఒకచోట నిలిచింది, ఒకచోట కూలింది. ఇంతకన్నా మంచి ప్రయోగశాల ఏ జీవితచరిత్రకారుడికీ దొరకదు. రెండు సినిమాలకూ అదే ఆరు గళ్ళ పట్టిక వెయ్యి, పక్కపక్కన పెట్టు. పరీక్షలకు ముందు ఎంత సమయం ఖర్చయింది? కాటి సీను ఎన్నో నిమిషంలో వచ్చింది? మనకు తెలిసి పాత్రకు తెలియని గడి ఎన్నిసార్లు నిండింది? నా అనుమానం ఆ ఆఖరి గడి మీదే. కె.వి. బలమంతా ప్రేక్షకుణ్ణి కుట్రలో భాగస్వామిని చేయడంలో ఉంది. హరిశ్చంద్రుడి కథలో కుట్ర విశ్వామిత్రుడిది, మనది కాదు. కానీ ఇది నా ఊహ. నీ పట్టిక దీన్ని కాదంటే పట్టికనే నమ్ము.

ఇంకోటి. 2013లో ఒక జాతీయ టీవీ చానల్ జరిపిన ఓటింగులో మాయాబజార్ భారతీయ సినిమాల్లో మొదటి స్థానంలో వచ్చిందని ముందుమాటలోనే ఎక్కించావు. అది ఆన్‌లైన్ ఓటు. మనవాళ్ళ అభిమానం ఎంతో చెబుతుంది, సినిమా ఎలా కట్టారో చెప్పదు. తీసి వెనక అనుబంధంలో పెట్టు. దాని బదులు 1952లో బొంబాయిలో జరిగిన తొలి అంతర్జాతీయ చిత్రోత్సవానికి దక్షిణాది నుంచి పాతాళభైరవి ఒక్కటే వెళ్ళిందని రాస్తే, విడుదలైన ఏడాదిలోపే బయటివాళ్ళ కంట్లో అది ఎలా పడిందో తెలుస్తుంది.

చివరి అధ్యాయంలో కన్నీళ్ళు తగ్గించు. ఆయన ఆఖరి సినిమా శ్రీకృష్ణసత్య 1971 డిసెంబరులో విడుదలైంది. 1972 సెప్టెంబరు 15న ఆయన పోయారు. మధ్యలో తొమ్మిది నెలలు కూడా లేవు. ఆ నెలల్లో ఆయన మనసులో ఏముందో నువ్వు రాయకు. ఆ సినిమా మీద నీ పట్టిక ఏం చెప్పిందో రాయి.

బాల్యం అధ్యాయం దిద్ది పంపడానికి తొందరేం లేదు. ముందు తెలుగు హరిశ్చంద్ర పట్టిక పంపు. స్టాప్‌వాచ్ కొనక్కర్లేదు, ఫోనులోది చాలు. ఏ ప్రతి చూశావో, దాని మొత్తం నిడివి ఎంతో పైన రాయడం మర్చిపోకు.

ఆశీస్సులతో,
అన్నయ్య