ముందు అమ్మ రిపోర్టులు తెప్పించుకోండి

ప్రశ్న: మాది భీమవరం. పెళ్లయి ఈమధ్యే డాలస్ వచ్చాను. అమ్మకి 43వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గింది. పెద్దమ్మ అండాశయ క్యాన్సర్‌తో పోయింది. ఇక్కడి డాక్టరు జన్యు పరీక్ష మాటెత్తారు. చేయించుకుంటే ఇన్సూరెన్స్ తీసేస్తారని స్నేహితులంటున్నారు. నిజమేనా?

జవాబు: ఆ టెన్షన్ వదిలెయ్యమ్మా. జన్యు వివక్షను అడ్డుకోవడానికి 2008లో అమెరికాలో వచ్చిన జీనా చట్టం ప్రకారం, జన్యు ఫలితం చూసి హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ మిమ్మల్ని కాదనకూడదు, ప్రీమియం పెంచకూడదు. లైఫ్ ఇన్సూరెన్స్‌కి మాత్రం ఆ చట్టం వర్తించదు. టర్మ్ పాలసీ ఆలోచనుంటే పరీక్షకు ముందే తీసుకోండి. కుటుంబంలో జబ్బుల గురించి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి.

ఇలాంటి కుటుంబ చరిత్ర ఉన్న ఆడవాళ్లకు బీఆర్‌సీఏ (లోపముంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే జన్యువులు) కౌన్సెలింగ్, అవసరమైతే పరీక్ష, ఒబామాకేర్ అనే ఆరోగ్య బీమా చట్టం కింద చాలా ప్లాన్లలో డిడక్టబుల్ (ముందు మీ జేబులోంచి కట్టాల్సిన మొత్తం) లేకుండా వస్తాయి. ఊళ్లో కొనుక్కొచ్చిన ట్రావెల్ పాలసీలో ఇవి ఆశించకండి. డాక్టరే కాదు, ల్యాబ్ కూడా మీ ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో (కంపెనీతో ఒప్పందం ఉన్నవాళ్ల జాబితాలో) ఉందా, ముందస్తు అనుమతి కావాలా అన్నది శాంపిల్ ఇవ్వకముందే కనుక్కోండి. ఇన్సూరెన్స్ వాళ్లు కాదన్నారా, 180 రోజుల్లోపు అప్పీలు చేయొచ్చు. అక్కడా కాదంటే బయటివాళ్ల చేత సమీక్ష కోరే హక్కుంది.

అసలు పని భీమవరంలో ఉంది. ఏ వయసులో, ఏ క్యాన్సర్, ఎవరికి అన్నదాన్ని బట్టే ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకుంటారు. మన గోదావరి జిల్లాల్లో ఆ జబ్బు పేరు పైకి అనరు. పిల్లకి సంబంధాలు రావని భయం. "కడుపులో గడ్డ" అని సరిపెట్టేస్తారు. అందుకే అమ్మమ్మనో పిన్నినో నిదానంగా కూర్చోబెట్టి అడగాలి. నాన్నగారి వైపు మేనత్తలనీ అడగండి, ఈ జన్యులోపం తండ్రి నుంచి కూడా వస్తుంది. అమ్మ బయాప్సీ రిపోర్టు ఫొటో తీయించి తెప్పించుకోండి, ఆసుపత్రిలో పాత ఫైళ్లు ఎల్లకాలం ఉంచరు. మీది మేనరికమైతే కౌన్సెలర్‌కి దాచొద్దు. పిల్లల్ని కనే ముందు క్యారియర్ పరీక్షల (పిల్లలకు వచ్చే జన్యులోపం తల్లిదండ్రుల్లో దాగి ఉందేమో చూసేవి) విషయంలో అది చాలా ముఖ్యం.

వీలైతే పరీక్ష ముందు అమ్మకే చేయించండి. హైదరాబాద్‌లో చేస్తారు. ఆవిడలో లోపం దొరికితే మీలో అదొక్కటే వెతికితే చాలు, ఖర్చూ తగ్గుతుంది. అమ్మలో దొరికిన లోపం మీలో లేదని తేలితే ఆ జవాబు గట్టిది. అమ్మకి చేయకుండా మీకు మాత్రమే చేస్తే, ఏమీ లేదన్నా పూర్తిగా నమ్మలేం.

మనవాళ్ల జన్యు సమాచారం ఇంకా తక్కువ. కాబట్టి "అర్థం తేలని మార్పు" అని ఫలితం రావచ్చు. దాన్నొక్కదాన్నే పట్టుకుని ఆపరేషన్‌కి తొందరపడకండి. ఏడాదికో రెండేళ్లకో మళ్లీ కౌన్సెలర్‌ని అడగండి.