ఆ రెండు పోర్టులకూ పేర్లు నువ్వే పెట్టు

అమ్మలూ,

రెండు నెట్‌వర్క్ పోర్టులున్న లైనక్స్ మెషీన్‌ని గేట్‌వేగా, అంటే లోపలి నెట్‌వర్క్‌కీ ఇంటర్నెట్‌కీ మధ్య ద్వారంగా, నువ్వొక్కదానివే సెట్ చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత గర్వంగా అనిపించిందో, ఆ వెంటనే అంత టెన్షనూ పట్టుకుంది. ఐపీలు, రూటింగ్ నీకు నేను చెప్పక్కర్లేదు. నా భయమంతా ఆ పోర్టుల పేర్ల గురించే.

పాత రోజుల్లో లైనక్స్ గుండె లాంటి కెర్నల్ ఏ నెట్‌వర్క్ కార్డుని ముందు చూస్తే దానికే ఈత్0 (eth0) అని పేరు, తర్వాతది ఈత్1. మా టీములో ఒకతను ఈత్0 బయటికి, ఈత్1 లోపలికి అనుకుని ఫైర్‌వాల్ రాశాడు, నెలల తరబడి నడిచింది కూడా. ఒకరోజు కెర్నల్ అప్‌డేట్ చేసి రీబూట్ కొట్టాడు. డ్రైవర్లు లోడయ్యే వరస మారి పేర్లు తారుమారయ్యాయి, లోపలివాళ్లకి అన్నీ తెరిచిన రూలు కాస్తా ఇంటర్నెట్ కేబుల్ మీద పడింది. మాకేమో పింగ్ రావట్లేదన్న సంగతే కనిపిస్తోంది, కేబుళ్లు పీకి పెట్టి, స్విచ్ మార్చి, నానా తంటాలు పడ్డాం. ఫైర్‌వాల్ ఫైలులో ఒక్క అక్షరం మారలేదు కదా, దాన్ని ఎవరూ అనుమానించలేదు. చివరికి కార్డు మీద దుమ్ము తుడిచి స్టిక్కర్ మీది మ్యాక్ అడ్రస్‌ని, అంటే కార్డుకి ఫ్యాక్టరీలో ఇచ్చిన నంబరుని, తెరమీద దాంతో పోల్చి చూస్తే తేలింది. అంతసేపూ తలుపు బార్లా తెరిచే ఉంది.

ఇప్పుడా గొడవ లేదనకు. 2013లో సిస్టమ్‌డీ (బూట్‌లో సర్వీసులన్నీ నడిపే ప్రోగ్రామ్) 197వ వెర్షన్‌తో వచ్చిన ఈఎన్‌పీ3ఎస్0 (enp3s0) లాంటి పేర్లు మామూలు రీబూట్లకి నిలబడతాయి, నిజమే. కానీ అందులో 3 అనేది పీసీఐ బస్ నంబరు, అంటే కార్డు మదర్‌బోర్డులో ఏ దారికి తగిలిందో చెప్పేది. రేపు ఇంకో ఎన్‌వీఎంఈ డిస్క్ (అదీ పీసీఐకే తగులుతుంది) పెడితే ఆ నంబర్లు జరిగి అదే కార్డు ఈఎన్‌పీ4ఎస్0 అయిపోవచ్చు.

అందుకని ఈటీసీలో సిస్టమ్‌డీ కింద నెట్‌వర్క్ ఫోల్డర్లో (/etc/systemd/network) పేరు పెట్టే డాట్ లింక్ ఫైలు పోర్టుకొకటి రాయి. ఫైలు పేరు 10తో మొదలుపెట్టు, 99తో ఉన్న డిఫాల్ట్ ఫైలు కంటే ముందు రావాలి. మ్యాచ్ దగ్గర పర్మనెంట్ మ్యాక్ అడ్రస్ (PermanentMACAddress) అనే ఇవ్వు తల్లీ, ఉత్త మ్యాక్ అడ్రస్ ఇస్తే రేపు అదే మ్యాక్ తెచ్చుకున్న వీల్యాన్, బ్రిడ్జ్ లాంటి సాఫ్ట్‌వేర్ పోర్టులు కూడా ఆ పేరుకే పోటీకొస్తాయి. బయటి పోర్టుకి వ్యాన్0, లోపలిదానికి ల్యాన్0 అని పెట్టుకో. ఈత్0 అని మాత్రం వద్దు, కెర్నల్ కూడా ఆ పేర్లే పంచుతుంది, రెండూ గుద్దుకుంటాయి. ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పారని బూట్ ఆప్షన్లలో నెట్ డాట్ ఇఫ్‌నేమ్స్ (net.ifnames) సున్నా పెట్టావో, ఊరుకోను! అది నిన్ను తిన్నగా ఆ పాత ఈత్ రోజుల్లోకే తోస్తుంది. తర్వాత ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్‌సిస్టమ్) మళ్లీ బిల్డ్ చెయ్యి, లేకపోతే బూట్ మొదట్లోనే పాత పేరు పడిపోవచ్చు.

మొదటి రీబూట్ దూరం నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో కొట్టకు. మానిటర్, కీబోర్డ్ తగిలించుకుని ఎదురుగా కూర్చో, ఇంటర్నెట్ కేబుల్ పీకేసి ఉంచు, పేర్లు సరిగ్గా వచ్చాకే పెట్టు. దానికి ముందు ఆ రెండు ఫైళ్లూ నాకు పంపు. ఎంత రాత్రయినా సరే, చూసి చెప్తాను.

మామయ్య